పద్మ అడిగిన గోడ

తొమ్మిదేళ్లుగా ఒక గోడ బరువు మోస్తున్నాను. అసలు కట్టనే కట్టని గోడ. కట్టి ఉంటే ఎనిమిదడుగుల పొడుగు, మేస్త్రీకి ఒక్కరోజు పని. దాని సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. మీకెందుకు చెప్తున్నానంటే, రేపు బజారులో మీరు నాకు ఎదురుపడరు కాబట్టి.

నేను కోరుట్లలో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఫోన్లో ఫొటోలు పంపి గిట్ల కావాలె అంటారు. రాజేశం కూడా అలాగే పంపాడు. మస్కట్‌లో ఒక పెద్దింట్లో డ్రైవరు. ఆ ఇంట్లో హాలు, వంటగది, తినే చోటు అన్నీ ఒకటేనట, మధ్యలో గోడలు లేవట. ఆ ఇంటివాళ్లు వండుకుంటూ, తింటూ, ఒకరి ముఖం ఒకరు చూస్తూ మాట్లాడుకుంటుంటే చూసి ఆశపడ్డాడు.

"నేను సోఫాల కూసుంటే వంట చేసే పద్మ ముఖం కనబడాలె అన్నా. రెండేండ్లకోసారి అచ్చేటోన్ని, గోడలను సూసుకుంట కూసుంటనా?" అన్నాడు.

నాకు అదే మొదటి ఓపెన్ కిచెన్. పొయ్యి గట్టు ఎటు, డైనింగ్ టేబుల్ ఎక్కడ, ఫ్రిజ్ తలుపు ఎటువైపు తెరుచుకోవాలి అని వారం రోజులు గీశాను, చెరిపాను. సోఫాలో కూర్చున్నవాడి చూపు నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లేలా కుదిర్చాను. ఆ ప్లాన్ చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను.

పునాది తవ్వే ముందు గదులు ఎక్కడెక్కడ వస్తాయో నేల మీద ముగ్గు పోసి చూపిస్తాం. దానికి నాలుగు రోజుల ముందు రాజేశం భార్య పద్మ ఒక్కతే నా షాపుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, వంటింటికి ఒక గోడ పెట్టున్రి. హాల్ల పొద్దంత మా బావ ఉంటడు, అత్త ఉంటది, అచ్చేటోళ్లు పోయేటోళ్లు. ఆయన ఆడ, నేనీడ. మనిషన్నంక కండ్లు తుడుసుకునే జాగ ఒకటుండాలె గద."

ఆ మాట తనే ఫోన్లో అడుగుదామంటే ఇంట్లో అందరూ పక్కనే ఉంటారట. నన్ను అడగమంది. సరేనని నా పుస్తకంలో రాసుకున్నాను: 'గోడ. రాజేశాన్ని అడగాలి.'

అడగలేదు. మరిచిపోయానని చాలా కాలం నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోయానా? రోజూ తెరిచే పుస్తకమే, రోజూ కళ్లబడే మాటే. అడిగితే రాజేశం ఒప్పుకుంటాడని తెలుసు. ఒప్పుకుంటే నా ప్లాన్ పాడవుతుందని, షాపు ముందు ఫ్లెక్సీ మీద వేయించాలనుకున్న ఫొటో ఇక ఉండదని కూడా తెలుసు. అంతకన్నా పెద్ద కారణం ఉందేమోనని ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

ముగ్గు పోసిన పొద్దున రాజేశం వీడియో కాల్‌లో ఉన్నాడు. ఫోను వాళ్లన్న చేతిలో ఉంది. పద్మ ముగ్గు గీతల మధ్య నడుచుకుంటూ వంటింటి దాకా వచ్చి ఆగింది. అక్కడ గీత లేదు. నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది.

"అడిగిన్రా అన్నా?"

"అడిగిన చెల్లె. అద్దన్నడు."

ఆయన వద్దన్నాడని నేననగానే, ఫోన్లో నవ్వుతున్న మొగుడి వైపు ఒకసారి చూసింది. తర్వాత కూలీలకు చాయ పోయడానికి వెళ్లిపోయింది.

ఇల్లు లేచింది. ఫొటో ఫ్లెక్సీకి ఎక్కింది. రాజేశం సెలవు మీద వచ్చేసరికి హాలుకూ వంటింటికీ మధ్య తాడు కట్టి, దాని మీద పాత చీర వేలాడుతోంది. ఇదేందని అడిగితే మాటా మాటా పెరిగింది. మర్నాడు నా షాపుకు వచ్చాడు.

"అన్నా, గోడ కావాల్నని పద్మ నీకు చెప్పిందట. నువ్వు నన్నడిగితే నేను అద్దన్ననట. నాకైతే యాదికి లేదు. నిజంగ చెప్పిందా? ఒక్క మాట అంటే గోడ పెట్టిద్దును గద."

ఆ పుస్తకం నా సొరుగులోనే ఉంది.

"నాకేం చెప్పలే," అన్నాను.

"గట్లనా" అని లేచి వెళ్లిపోయాడు.

ఆ చీర గుంజి పారేశాడని వాళ్ల వాడలో ఉండే మేస్త్రీ చెప్పాడు. అప్పటినుంచి ఆమె ఏం చెప్పినా, ఇది గూడ గోడ ముచ్చటేనా అని బావ నవ్వుతాడట. రాజేశం రెండేళ్లకోసారి వచ్చేవాడు ఇప్పుడు నాలుగేళ్లయినా రావడం లేదు. ఫోన్ చేస్తే పిల్లలతోనే మాట్లాడి పెట్టేస్తాడట. ఆమె ముఖం చూడాలని గోడలు లేని ఇల్లు కోరుకున్న మనిషి. మొదటి అబద్ధం తడబడి ఆడాననుకుందాం. రెండోది? ఆమె మాట పోతుందని తెలిసే కదా ఆడాను.

పోయిన ఏడు మెట్‌పల్లి పోయే షేర్ ఆటోలో ఆమె నా ఎదురుగా కూర్చుంది. నేను తల వంచుకున్నాను.

"పిల్లలు మంచిగున్నరా అన్నా?" అని అడిగింది.

మంచిగున్నరని చెప్పాను. తిట్టినా బాగుండేది. నేను అబద్ధమాడానని ఈ భూమ్మీద తెలిసింది ఆమె ఒక్కదానికే, ఆమె చెబితే ఎవరూ నమ్మకుండా చేసిందీ నేనే.

రాజేశం నంబరు నా ఫోన్లో ఉంది. ఎన్నిసార్లు తీశానో, ఎన్నిసార్లు పక్కన పెట్టానో. రేపు చేస్తానని మాట ఇవ్వలేను. నా మాట విలువ మీకు తెలిసిపోయింది. ఇక్కడ రాసినందుకు గుండె కొంచెం తేలికైంది, అలా తేలికైనందుకు సిగ్గుగానూ ఉంది.

అయినా రాస్తున్నాను. పద్మ గోడ అడిగింది. నేను రాజేశాన్ని అడగలేదు. ఆమె అబద్ధం చెప్పలేదు.