గుర్తింపు కార్డు చూసి ఇచ్చిన ఇల్లు

మొన్న ఆదివారం మా చిన్నకోడలు మేడ మీది వాటా కిరాయికి ఇచ్చేసింది. వచ్చేవాళ్లెవరో నేను చూడనే లేదు. ఫోన్‌లోనే అర్రల ఫొటోలు పంపింది, ఫోన్‌లోనే వాళ్ల కార్డులు తెప్పించుకుంది, నేను పప్పుకు పోపు పెట్టి వచ్చేసరికి మాట ఖాయమైపోయింది. వాళ్లది ఏ ఊరమ్మా అని అడిగితే, కార్డు మీద ఉంటుందత్తమ్మా, తర్వాత చూసి చెప్తానంది. తప్పుగా ఏమీ అనలేదు పాపం, కానీ ఆ మాటతో నాకు ఇరవై ఏళ్ల కిందటి ఒక మధ్యాహ్నం కళ్లముందుకొచ్చింది.

గోదావరిఖనిలో మేము సొంత ఇల్లు కట్టుకున్నది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో. మా ఆయనది బాయి పని, అంటే బొగ్గు గనిలో పని. మా దిక్కు గనిని బాయి అనే అంటారు. అంతకుముందు పద్నాలుగేళ్లు కిరాయి ఇండ్లలోనే గడిపాము. నా వయసు వాళ్లకు ఆ బతుకు చెప్పనక్కరలేదు. నల్లా దగ్గర బిందెలు లెక్కపెట్టే ఇంటామె, చుట్టాలొస్తే ఎప్పుడు పోతారని అడిగే ఇంటాయన, సెకండ్ షిఫ్టు నుంచి వచ్చిన మనిషి స్నానం చేస్తే నీళ్ల చప్పుడని గొణిగేవాళ్లు, అందరినీ చూశాము. మన ఇల్లంటూ ఉంటే ఎవరినీ ఇట్లా సతాయించొద్దని ఎన్నిసార్లు అనుకున్నానో. తీరా వీధి వైపు రెండు అర్రలు, ఒక వంటిల్లు తయారై, మా ఆయన అట్టముక్క మీద ఇల్లు కిరాయికి ఇవ్వబడును అని రాసి గేటుకు కట్టిన వారం రోజులకే, ఆ ఇంటామెలందరూ నాలో చేరారు.

మా ఆయన షిఫ్టుల మనిషి కాబట్టి వచ్చినవాళ్లను చూసే పని నాకూ మా అత్తమ్మకూ పడింది. అత్తమ్మ వాకిట్లో మంచం మీద, నేను గడప మీద. పవర్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేసే ఇద్దరు పిల్లగాండ్లు వస్తే పెండ్లి కాలేదని వద్దన్నాము. నలుగురు పిల్లలతో ఒకామె వస్తే కొత్త సున్నం ఆగదని పంపించాము. కులం అడగలేదని ఇప్పుడు చెప్పుకుంటే అబద్ధమవుతుంది. అత్తమ్మ అడిగేది, నేను విననట్టు నిలబడేదాన్ని. విననట్టు నిలబడడం కూడా అడగడమేనని అప్పుడు తోచలేదు.

అట్లా ఓ పన్నెండు మందిని తిప్పి పంపాక వచ్చారు, భార్యాభర్తలూ, ఇంటర్ చదివే ఒక్క కూతురూ. మంథని అవతలి ఊరి వాళ్లు. ఆయన వేరే బాయిలో పని, బక్కపలుచటి మనిషి, నేల చూసే మాట్లాడేవాడు. భార్య నాకంటే నాలుగేళ్లు చిన్న, వచ్చిన అయిదు నిమిషాలకే అక్కా అని పిలిచింది. నాకు నచ్చారు, అయినా నచ్చారని ఊరుకుంటే నేనేం ఇంటి ఓనర్‌నని, బాయి గుర్తింపు కార్డు చూపెట్టమన్నాను. ఆయన ఒక్క నిమిషం తటపటాయించి జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆ తటపటాయింపు నాకు మర్యాదస్తుని మొహమాటంలా కనిపించింది. ఫొటో చూశాను, ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు చదివాను, క్యాలెండరు వెనక రాసుకున్నాను కూడా. పొద్దు గూకేలోపు మా ఆయన వచ్చి, చూసి, అవును, మనిషి మంచోడే అన్నాడు.

ఆ తర్వాత మూడేళ్లు మా రెండు ఇండ్లకు నడుమ గోడ ఉందని మరిచిపోయాము. ఆమె చేసిన సకినాలు మా డబ్బాలోకి, నేను పెట్టిన మామిడికాయ తొక్కు వాళ్ల జాడీలోకి. మా అత్తమ్మ కాలు జారి పడితే పది రోజులు ఆమే పట్టుకొని నడిపించింది. వాడకట్టులో ఆయనను అందరూ అన్నా అనో కాకా అనో పిలిచేవారు. ఆమె నోట మొగని పేరు రానే రాదు, మా కాలంలో ఎవరి నోటా రాదు గదా. ఆయన పేరు నేను కార్డు మీద చదివిందే, ఇంకెక్కడా వినలేదు. మనుషులను ఏరుకోవడంలో నా అంతటిది లేదని చుట్టాలకు చెప్పుకొని మురిసేదాన్ని.

పిల్ల డిగ్రీలో ఉండగా సంబంధం వచ్చింది. పిల్లగాడు జ్యోతినగర్‌లో ప్రైవేటు బడి సారు. పిల్లనిచ్చే ఇంటివాళ్లు ఎట్లాంటివాళ్లో ఇంటి ఓనర్లను అడిగి తెలుసుకోవడం అప్పుడు మామూలే; అట్లానే ఒకనాడు పొద్దున పదిగంటలకు పిల్లగాని తండ్రి, ఎవుసం చేసుకునే పెద్దమనిషి, మా గేటు తీసుకొని వచ్చాడు. పిల్ల తండ్రి డ్యూటీలో ఉన్నాడు, తల్లీకూతుళ్లు దవాఖానకు పోయారు. నేను చాయ్ పెట్టి ఇచ్చి, వాళ్ల మంచితనమంతా వర్ణించి, చివర్న నా తెలివి కూడా కాస్త చూపించుకుందామని, ఊరికే ఇయ్యలేదు ఇల్లు, బాయి కార్డు నేనే చూసిన అని ఆ పేరు చెప్పాను.

పెద్దమనిషి చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ పేరు గల్లాయన ఊర్లె ఎవుసం జేస్తుండు చెల్లె. పిల్లకు పెద్దబాపు. నిన్ననే వాళ్లింట్ల కూసొని మాట్లాడొచ్చిన. మరి మీ ఇంట్ల ఉన్నదెవరు?"

నేను తప్పు చదివానేమోనని లోపలికి పోయి పాత క్యాలెండరు తీసి చూశాను. నా చేతి రాతే, పెద్దపెద్ద అక్షరాలతో. బయటికొచ్చేసరికి ఆయన చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఊర్లోనే తెలిసినవాళ్లింట్లో ఉంటానని, మధ్యాహ్నం నాలుగింటికి వస్తానని, అప్పటికి నిజమేందో ఎవరైనా చెప్పాలని, చెప్పకుంటే ఈ మాట ఇంతటితో చాలని శాంతంగానే అని పోయాడు.

ఆ అయిదారు గంటలు నేను ఎట్లా ఉన్నానో చెప్పలేను. మూడేళ్లు నా వంటింట్లోకి వచ్చి పోయిన మనుషులు ఎవరో నాకు తెలియదు. పోలీసులొస్తారా, మా ఆయన నౌకరికి ఏమన్నా ముప్పుందా, ఇవ్వాళే ఖాళీ చెయ్యమనాలా. మా ఆయన ఫస్టు షిఫ్టు దిగి వచ్చీ రాగానే అంతా ఏకరువు పెట్టాను. ఆయన కాళ్లు కడుక్కుంటూనే విని, తనకు తెలుసన్నాడు. ఇల్లు ఇచ్చిన రోజే తెలుసట. అన్న పేరు మీద తమ్ముడు, మామ పేరు మీద అల్లుడు, అట్లా మారుపేర్లతో బాయి దిగేవాళ్లు చాలామందే ఉన్నారని, తోటివాళ్లకు తెలుస్తుందని, ఒకరి నౌకరి పోతుందని ఎవరూ నోరెత్తరని చెప్పాడు. నాకెందుకు చెప్పలేదంటే, నువ్వు కార్డు చూసి సంబరపడుతుంటివి అన్నాడు. ఆ మాట అన్నిటికంటే ఎక్కువ తగిలింది.

తల్లీకూతుళ్లు వచ్చాక నేను వాళ్ల వంటింట్లోకి పోయాను. కోపంతోనే పోయాను. నేను ఒక్క మాట అనగానే ఆమెకు అంతా అర్థమైంది. ఏడ్వలేదు, దబాయించలేదు, కూరగాయల సంచి పక్కన పెట్టి నేల మీద కూర్చొని చెప్పుకొచ్చింది. నౌకరి వచ్చింది బావకేనట, అంటే పిల్ల పెదనాన్నకు. రెండు రోజులు దిగి, ఆ చీకటికి దడుసుకొని, జ్వరంతో ఊరికి పారిపోయి, చంపినా మళ్లీ దిగనన్నాడట. ఇంటినిండా ఆకలి. అన్నదమ్ములది ఒకే పోలిక కావడంతో ఆ కాగితాలు పట్టుకొని తమ్ముడు దిగాడు. అప్పటికి ఆయనకింకా పెండ్లి కాలేదు. దిగినవాడు ఇరవై ఏళ్లు దాటినా ఆ పేరులోంచి బయటికి రాలేకపోయాడు. బాయి కాగితాల్లో ఆయన భార్య పేరు దగ్గర ఉన్నది ఈమె పేరు కాదు, యారాలి పేరు, అంటే తోడికోడలిది. పొద్దున కంపెనీ దవాఖానలో కూడా ఈమె యారాలి పేరుకే పలికి మందులు తెచ్చుకుంది.

"బాయిల ఆయనకు ఏమన్న అయితె ఏడ్వనీకి నేనుంట అక్క. కాగితం మీద మొగడు పోయేది మాత్రం మా యారాలికి," అంది.

బాయి సైరన్ మోగిన ప్రతిసారీ ఈమె చేతిలో పని వదిలేసి గేటు దాకా ఎందుకు పోయేదో, ఇంట్లో మొగడు ఉన్నప్పుడు కూడా ఆ ఉలుకెందుకు పోలేదో నాకు అప్పుడు తెలిసింది. నా పుస్తెలతాడు నా మెడలో బరువుగా అనిపించింది. ఇల్లు ఖాళీ చెయ్యమందామని పోయినదాన్ని, ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను.

నాలుగింటికి పెద్దమనిషి చెప్పినట్టే వచ్చాడు. ఏదో ఒకటి సర్దిచెబుదామని, నేనే తప్పు చదివానంటానని అన్నాను గానీ డ్యూటీ నుంచి వచ్చిన పిల్ల తండ్రి ఒప్పుకోలేదు. బిడ్డనిచ్చే కాడ అబద్ధం వద్దని, మా ముందర అర్రలో నిలబడే, నేల చూస్తూనే, మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. ఈ మాట బయటపడితే నౌకరి పోతుందని, ఆ నౌకరి ఇక మీ చేతుల్లో ఉందని కూడా చెప్పాడు. పిల్ల తలుపు చాటున నిలబడి వింటున్నది.

పెద్దమనిషి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత అడిగింది ఒక్కటే.

"పెండ్లి పత్రిక మీద ఏ పేరు ఏయిస్తవ్ బావా?"

బావా అన్న పిలుపుతోనే నాకు ఊపిరి తిరిగింది.

"నాదే," అన్నాడాయన. "నా పేరు అచ్చుల ఎట్లుంటదో నేను చూడలే ఇంతవరకు."

పెండ్లి వాళ్ల ఊర్లోనే జరిగింది. బాయి తోటివాళ్లకు నోటి మాటతోనే పిలుపు, చుట్టాలకు పత్రిక. మాకు ఒకటి ఇస్తూ ఆయన తన పేరున్న చోట బొటనవేలితో తడిమి ఇచ్చాడు. కార్డు మీదున్న పేరు గల మనిషిని నేను మొదటిసారి చూసింది ఆ పందిట్లోనే. తలకు పెద్ద రుమాలు, చేతినిండా పసుపు, వచ్చినవాళ్లకు తానే విస్తర్లు వేస్తూ తిరుగుతున్నాడు.

తెలంగాణ వచ్చే ముందు ఏడాది పిల్ల తండ్రి రిటైరయ్యాడు. అన్న వయసు లెక్కన, తనకింకా నాలుగేళ్ల సత్తువ ఉండగానే. బాయి ముందర చిన్న సభ పెడితే మేమూ పోయాము. మైకులో అన్న పేరు పిలిచారు, తమ్ముడు లేచి పోయి దండ వేయించుకున్నాడు. అందరం చప్పట్లు కొడుతుంటే, వెనక వరుసలో ఆ పేరు గలాయన కూడా కొడుతున్నాడు. ముందు మెల్లగా కొట్టాడు, తర్వాత చేతులు ఆపేసి రుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఇద్దరిలో ఎవరి బతుకు ఎవరు బతికారో నాకు ఈనాటికీ తేలదు.

ఇప్పుడు వేలిముద్రలు, కంటి ఫొటోలు వచ్చాయి. ఒకరి పేరు మీద ఒకరు చీకట్లోకి దిగే రోజులు పోయాయి, పోవడమే మంచిదైంది. మేడ మీదకు ఎవరొచ్చినా వాళ్ల పేరు వాళ్లదే, అనుమానం లేదు. కానీ సంబంధాలు చూసుకునేవాళ్లు ఇంటి ఓనర్ల దగ్గరికి రావడం మానేశారు. ఒక మనిషి గురించి చెప్పమ్మా అని గడప ముందు చెప్పులు విడిచి, నా మాట కోసం ఎవరన్నా కూర్చొని ఎన్నేళ్లయిందో. వచ్చినా, చెప్పడానికి ఇప్పుడు నాకు ఎవరి గురించీ ఏమీ తెలియదు.