తారుమారైన ఊపిరితిత్తులు

ఆదోనిలో నేను నర్సింగు చదివేటప్పుడు మాకు శరీర నిర్మాణం పాఠం చెప్పిన మేడంది కోసిగి ఊరు. ఆవిడ రెండు చేతుల్లో చెరో సుద్దముక్క పట్టుకుని, పుస్తకం చూడకుండా రెండు ఊపిరితిత్తులనూ ఒకేసారి గీసేవారు. ఆ బొమ్మలను మా విభాగాధిపతి ఏటా తన పేరుతో పుస్తకంలో అచ్చు వేయించుకునేవాడు. ఒకసారి ఆవిడ తన పేరూ వేయమని అడిగితే, "వలసపొయ్యే ఊరి నుంచి వచ్చినావు, నీకు పేరు కూడా కావల్లా?" అని మా అందరి ముందూ నవ్వాడు.

ఆ ఏడు అతను అడగ్గానే ఆవిడ బొమ్మలు ఇచ్చారు. కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలు, ఎడమదానికి రెండు ఉంటాయి. ఆవిడ కావాలనే వాటిని తారుమారు చేసి గీశారు. అతను చూసుకోకుండానే పుస్తకం వేశాడు.

ఆవిష్కరణ సభలో ఆవిడ లేచి నిలబడ్డారు. "సార్, ఈ బొమ్మ మీరే గీసినారా?"

"నేనే. ఏం, అనుమానమా?"

"ఎడమ ఊపిరితిత్తికి మూడు భాగాలు యాడ చూసినారు సార్?"

అతను పేజీలు తిప్పుతూ ఉండిపోయాడు. మా నవ్వు ఆగలేదు.

నెల తిరక్కముందే ఆవిడను ఎమ్మిగనూరు కాలేజీకి పంపించేశాడు. బస్టాండులో నేను, "ఎందుకు చేసినానా అనిపిస్తాందా మేడం?" అని అడిగాను.

"ఆయప్ప మొగానికి పట్టిన చెమట చూసినాను కదమ్మా. సాలు నాకు," అని బస్సెక్కారు.