ఇద్దరు తిరుపతమ్మలు

ఆ రోజుల్లో తెల్ల యూనిఫాం వేసుకుంటే చాలు, తెలివి దానంతటదే వస్తుందని నా నమ్మకం. తొంభైల్లో నర్సింగ్ పూర్తిచేసి, జగ్గయ్యపేటలో ఓ చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో చేరాను. రోజూ నందిగామ నుంచి బస్సులో వెళ్ళేదాన్ని. (యూనిఫాం నలుగుతుందని సీటు ఖాళీగా ఉన్నా నిలబడేదాన్ని. అంత మోజు.) చేరిన రెండో వారంలో, పెనుగంచిప్రోలు నుంచి జ్వరంతో వచ్చిన తిరుపతమ్మగారికి పొద్దున పది గంటల ఇంజక్షన్ నా వంతుకొచ్చింది. ఆ మందు ఆవిడకి పడుతుందో లేదో ముందురోజే చర్మం కింద కాస్త వేసి చూశారు, పడింది. నేను సిరంజితో వెళ్ళేసరికి మంచం మీద ఓ పెద్దావిడ దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుని ఉంది.

"తిరుపతమ్మగారేనాండీ?"

"ఆ, నేనేనమ్మా" అంటూ చెయ్యి చాపింది. చేసేశాను. దూది అద్దుతుంటే బాత్రూం వైపు నుంచి ఇంకో ఆవిడ గోడ పట్టుకుంటూ వచ్చి, "నా సూది తెచ్చావా అమ్మా?" అంది.

"మీరెవరండీ?"

"తిరుపతమ్మని."

"మరి ఈవిడ?"

"మా ఆడపడుచు. నాకు సాయం వచ్చింది. తనూ తిరుపతమ్మే." (పెనుగంచిప్రోలు అమ్మవారి పేరది. ఆ చుట్టుపక్కల ఇంటికొకరుంటారు.)

"మీరైనా చెప్పొద్దా అండీ?" అన్నాను, ఇంజక్షన్ చేయించుకున్నావిడతో.

"పేరు పెట్టి పిలిచావు గదమ్మా. నడుం నొప్పని నిన్న డాక్టరుగారితో ఓ మాటన్నా. అందుకే రాసారనుకున్నా."

మేం పెద్దక్క అని పిలిచే సీనియర్ నర్సు నన్ను పక్కకి లాగి, "ఎవరికీ చెప్పకు. బాగానే ఉందిగా. ఇంకోటి తెచ్చి అసలావిడకి చేసెయ్" అంది. తలూపాను. మందు కోసం బయల్దేరిన కాళ్ళు, ఎలా వెళ్ళాయో ఏమో, డాక్టరుగారి గదిలో తేలాయి.

"సార్, తిరుపతమ్మగారి ఇంజక్షన్ తిరుపతమ్మగారికి చేసా."

"మంచిది, వెళ్ళు" అన్నారాయన రాసుకుంటూ.

"కాదు సార్. ఆవిడ పేషెంటు కాదు."

కలం ఆగింది. ఆయన ఒక్క పరుగున వచ్చి ఆవిడ నాడి, ఊపిరి, ఒంటి మీద దద్దుర్లు అన్నీ చూశారు. "ఈ మందు పడకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఈవిడకి టెస్టు కూడా చెయ్యలేదు. కదలకుండా ఇక్కడే కూర్చుని చూస్తుండు. ఏం జరిగిందో ఆవిడకి నువ్వే చెప్పు" అని, అసలు తిరుపతమ్మగారికి ఇంజక్షన్ తనే చేశారు.

నాడి పట్టుకునే, ఏడుస్తూనే చెప్పాను. ఆవిడ అంతా విని, "అయితే అది నడుం నొప్పి సూది కాదా?" అంది.

"కాదండీ."

"మరి తగ్గిందేంటి?"

(నాడి మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాను.)

మధ్యాహ్నం దాకా చూశాం. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. నేను లేస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఊరుకోమ్మా, నాకేం కాలేదుగా. మా వదినకి మాత్రం కాస్త చూసి చెయ్యి" అంది. డాక్టరుగారి కోపం కన్నా ఆ మెత్తటి మాటే ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాటి నుంచి "ఫలానావారేనా?" అనడం మానేశాను. పేరూ, ఊరూ, ఎందుకొచ్చారో వాళ్ళచేతే చెప్పించుకున్నాకే సిరంజి తీసేదాన్ని. ఇప్పుడు కొత్తగా చేరిన అమ్మాయిలకు అదే నేర్పుతుంటే, "తప్పు మీరే వెళ్ళి ఒప్పుకున్నారా? ఎంత ధైర్యం మేడమ్!" అంటారు. ధైర్యమో, కంగారులో దారి తప్పానో నాకే తెలియదు. ఎప్పుడైనా అప్పటి నేను, ఆ ఇరవై ఏళ్ళ పిల్ల, ఎదురైతే అడగాలనిపిస్తుంది. అడిగినా చెప్పదు లెండి. ముక్కు ఎగబీలుస్తూ, చెదిరిన కాటుకతో, 'మీరెవరండీ?' అన్నట్టు నా వంక చూస్తుంది.