టవాలు కింద బేరం

చింతామణిలో, పట్టుదారం అంగడి మిద్దెమీద మాకొక గేమ్ స్టూడియో ఉండేది. మరీ గొప్పగా ఊహించుకోకండి. రెండు కంప్యూటర్లు, ముగ్గురు స్నేహితులం. రంగుల తెర ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్లోకి వస్తున్న రోజులు. బెంగళూరు ఉద్యోగాలు వద్దని, ఇక్కడే మొబైల్ ఆటలు చేస్తామని మొండికేశాం. ఇంట్లో తిట్లు తప్పలేదు కానీ, అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.

మొదటి రెండు ఆటలు బెంగళూరు కంపెనీ ఒకటి తీసుకునేసరికి మాకు కొమ్ములొచ్చాయి. మూడోది ఎద్దుల పరస, అంటే పశువుల సంత మీద చేశాం. దానికి గురువు చాకవేలులోని మా మామ, పరసల్లో ఎద్దుల బేరాలు కుదిర్చే దళారి. అక్కడ ధర నోటితో చెప్పరు. టవాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి అడుగుతారు. మామ మా చేతులు పట్టుకుని వారం రోజులు నేర్పించాడు.

"మొగం కదిలిందంటే బేరం పోయినట్లేనప్పా, నగొద్దండి" అనేవాడు. మాకేమో చక్కిలిగింతలు.

మా ఆటలోనూ ధర కనబడదు. తెరమీద టవాలు మాత్రమే ఉంటుంది. ఫోను ఎన్నిసార్లు అదిరిందో లెక్కపెట్టుకోవాలి. బాగేపల్లి బస్సులో ఒక రైతు చేతికిస్తే, ఫోనును కండువాలో దాచుకుని మరీ ఆడాడు. ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

కంపెనీవాళ్లకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. టవాలు తీసేసి అంకెలు చూపిస్తే ఏడాదంతా పని ఇస్తామన్నారు, లేదంటే ఇక్కడితో సరి అన్నారు. మాకది ఒక్కపూట పని. నేనే అడ్డం పడ్డాను. బేరాన్ని బట్టబయలు చేసి మామ మొహం ఎలా చూడాలని నా బాధ. స్నేహితులు నా మాట కాదనలేకపోయారు. మామను అడగలేదు. అడిగితే నొచ్చుకుంటాడనుకున్నాను.

ఆ తర్వాత పని రాలేదు. ఒకడు బెంగళూరు వెళ్లాడు, ఇంకొకడు గుడిబండెలో వాళ్ల నాన్న అంగడిలో కూర్చున్నాడు. నేను గది ఖాళీ చేసి తాళం ఇచ్చేశాను.

కొన్నాళ్లకు మామ కనిపించి, "మీ ఆట ఎట్లుండాదప్పా?" అని అడిగాడు. జరిగింది చెప్పాను.

"అయ్యో, నన్నొక మాట అడగకూడదా? అది ఆటే గదప్పా, నిజం ఎద్దులా ఏమన్నా? అడిగింటే, తీసేయండని నేనే చెప్తావుంటి గదా!"

ఆ మాట నా స్నేహితులిద్దరికీ ఇంతవరకు చెప్పలేదు.