వేసి ఉంచవలెను

ఆవిడను అసలు పేరుతో ఆ భవనంలో ఎవరూ పిలిచేవాళ్లు కాదు. గడియమ్మ అంటేనే పలికేది. మూడో అంతస్తులో కుట్టుమిషన్ల హాలు, దాని వెనకవైపు మెట్లు. ఆ మెట్లు ఊడ్చి, కడిగి, కనిపెట్టుకుని ఉండటం ఆవిడ పని. ఏ గదిలోంచి బయటికొచ్చినా తలుపు లాగి గడియ పెట్టేది, పెట్టానో లేదో అని మళ్లీ ఓసారి లాగి చూసేది. మిషన్ల మీది ఆడపిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. నవ్వరూ మరి, వాళ్లకేం తెలుసు!

తెలిసింది ఒక్క చెల్లెలికే. ఆ పిల్లకు అదే హాలులో కుట్టుపని ఇప్పించింది కూడా ఈవిడే. చిన్నప్పుడు తండ్రి తాగి, చేతికేది దొరికితే అది పట్టుకుని ఇంటికొచ్చేవాడు. వీధి మలుపులో ఆయన గొంతు వినపడగానే తల్లి "తలుపేసుకోండే!" అని అరిచి, తాను బయటే నిలబడేది. అక్క చెల్లెల్ని లోపలికి ఈడ్చి గడియ పెట్టేది. బయట తల్లి దెబ్బలు తినేది, లోపల పిల్లలు బతికేవాళ్లు. తలుపు వెయ్యడమంటే గడియ పెట్టడమేనని ఆవిడకు ఉగ్గుపాలతో వచ్చిన చదువు. ఆపైన కూడబలుక్కుని నాలుగు అక్షరాలు చదవడం కూడా నేర్చుకుంది. ఆ నాలుగు అక్షరాలే కొంప ముంచాయి.

హాలు నుంచి వెనక మెట్ల మీదికి తెరుచుకునే తలుపు ఒకటుంది. బరువైనది, మంటకు చాలాసేపు తట్టుకునేది. కట్టడాల నిబంధనల ప్రకారం అది ఎప్పుడూ మూసుకునే ఉండాలి, మెట్లలోకి పొగ పోకుండా. కానీ లోపలివాళ్లు ఒక్క తోపు తోస్తే తెరుచుకోవాలి. ఈ రెండో ముక్క నిబంధనల పుస్తకంలోనే ఉండిపోయింది. మొదటిది మాత్రం ఎర్రబోర్డు మీదికెక్కింది: 'ఈ తలుపు ఎల్లప్పుడూ వేసి ఉంచవలెను.' తలుపును దానంతటదే మూసే ఇనుప చెయ్యి ఎప్పుడో విరిగింది. మేనేజరుకు చెబితే "చూద్దాంలే" అన్నాడు. ఆయన చూద్దాంలే అన్నాడంటే ఇక ఎవరూ చూడరని అర్థం.

గాలి వీచినప్పుడల్లా తలుపు బార్లా తెరుచుకునేది. ఓ రోజు మేనేజరు అది చూసి, హాలంతా వినేలా గడియమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"కళ్లు నెత్తికెక్కాయా? వేసి ఉంచమని అంత బోర్డు పెడితే కనపడదా? గాడిదలకు జీతాలిచ్చి మేపుతున్నాం!"

చెల్లెలి ముందు ఆ మాట పడ్డందుకు గడియమ్మకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే వడ్రంగిని బతిమాలి మెట్లవైపు గడియ బిగించింది. మేనేజరు మురిసిపోయాడు. పిల్లలు పని మధ్యలో మెట్ల మీదికొచ్చి కబుర్లాడటం ఆగిపోయిందిగా! "నీకున్న బుద్ధి మా ఇంజనీరుకు లేదు" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. పిచ్చిది, పొంగిపోయింది.

ఓ మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల దగ్గర గుడ్డల కుప్ప అంటుకుంది. ముందుమెట్ల దగ్గరున్నవాళ్లు తోసుకుంటూ బయటపడ్డారు. వెనక వరసలవాళ్లకు చెల్లెలు దారి చూపింది. "ఇటు రండే, ఇది మా అక్క తలుపు!" అని పిలిచిందట. ఆ మాట నమ్మక ముందుమెట్ల వైపే పరుగెత్తి బతికిన పిల్ల చెప్పింది.

కేకలు విని గడియమ్మ కింద బకెట్టు వదిలేసి పైకి పరుగెత్తింది. గడియ పట్టుకుని లాగింది. రాలేదు. లోపల అందరూ కలిసి తలుపును తోస్తున్నారు. ఆ తోపుకు గడియ బిగుసుకుపోయింది. వాళ్లు ఒక్క అడుగు వెనక్కి వేస్తే చాలు, ఊడి వస్తుంది.

"తొయ్యకండే! మీ కాళ్లు పట్టుకుంటా, వెనక్కి జరగండే!"

"అక్కా, తలుపు తియ్యవే! అక్కా!"

వెనక మంట పెట్టుకుని ఎవరు జరుగుతారు? ఇనుము కాలి అరచేతి తోలు గడియకే అంటుకుపోయింది. వాచ్‌మన్ ఆవిడను ఈడ్చుకుని కిందికి తెచ్చాడు. ఈడ్చినందుకు వాణ్ణి కరిచింది కూడా. మంటలారాక తలుపు విరగ్గొట్టారు. తలుపును ఆనుకుని మొట్టమొదట ఉన్నది చెల్లెలే.

విచారణకు వచ్చిన అధికారి "గడియ ఎవరు పెట్టమన్నారు?" అని అడిగాడు.

మేనేజరు అందుకున్నాడు. "బోర్డులో వేసి ఉంచమనే ఉందండీ. గడియ పెట్టమని ఎక్కడైనా ఉందా? చదువు రాని మనిషి, ఏం చేస్తాం!"

"వెయ్యడమంటే ఏంటి బాబూ మరి?" అంది గడియమ్మ. "మీ ఇళ్లల్లో ఎట్లా వేసుకుంటారు?"

అధికారి ఆ మాట రాసుకోలేదు. తప్పు గడియమ్మదేనని తేల్చి, ఉద్యోగం పీకేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మేనేజరు ఆ బోర్డు పక్కనే ఇంకో బోర్డు తగిలించాడు: 'గడియ పెట్టరాదు.' కాలిన చేతులు మాత్రం ఆయనవి కావు.

ఇప్పుడు గడియమ్మ ఇంట్లోనే ఉంటుంది, తల్లితో. ముసలమ్మకు మతి పోయింది. మొగుడు పోయి ఏళ్లయినా, సాయంత్రమైతే చాలు మంచంలో వణకడం మొదలుపెడుతుంది.

"చెల్లి లోపలికొచ్చిందా?"

"వచ్చిందమ్మా."

"అయితే తలుపేసుకోవే, మీ నాన్న వస్తాడు."

గడియ చప్పుడు వినపడితే గానీ ఆవిడ ఊరుకోదు. రోజూ గడియమ్మ లేచి, కాలిన చేత్తోనే గడియ పెడుతుంది. పెట్టానో లేదో అని లాగి మాత్రం చూడదు.