జాతి గడిలో రాసిన మాట

మలేషియాలో, సైబర్‌జయలోని మా ఆఫీసు జిరాక్స్ మెషీను ఇవాళ మళ్ళీ మొరాయించింది. మూత తీస్తే వేడెక్కిన కాగితం వాసన గుప్పుమంది, దానితోపాటే అప్పలనరసమ్మ టీచరమ్మ గుర్తొచ్చారు. నిజానికి ఆమె టీచరు కాదు, పోర్ట్ క్లాంగ్‌లో ఓ ఓడల కంపెనీలో టైపిస్టుగా రిటైరయ్యారు. మా ఫ్లాట్లలో కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా మాట్లాడే ఆడవాళ్ళంతా టీచర్లే. అందరి పిల్లల దరఖాస్తులూ ఆమే నింపేవారు. ప్రతి కాగితానికీ మూడు జిరాక్సులు: ఒకటి ఆఫీసుకి, ఒకటి ఇంటికి, ఒకటి ఆఫీసువాళ్ళు పోగొట్టాక ఇవ్వడానికి.

మా అక్క రత్నం బడి చివరి పరీక్షల్లో అన్నిటిలోనూ ‘ఏ’ తెచ్చుకుంది. నాన్న లారీ డ్రైవరు. యూనివర్సిటీకి ముందు చదివే ప్రభుత్వ కోర్సులో సీటు వస్తేనే అక్కకి ఇంజినీరింగు, లేకపోతే లేదు. ఆ సీట్లు జాతులవారీగా పంచుతారు. దరఖాస్తులో నాలుగు గడులు: మలయ్, చైనీస్, ఇండియన్, ఇతరులు. అక్క పెన్ను ఇండియన్ మీద ఆగింది.

“అదేటమ్మా? ఇక్కడ ఇండియనంటే తమిళోళ్ళే, అది పెడితే ఆళ్ళలో కలిపేస్తారు. మన తాతలు సికాకుళం నుంచి రబ్బరు తోటలకి వచ్చినారు, పేరు లేకుండా రాలేదు. ఇతరులు పెట్టు, పక్కన తెలుగు అని రాయి,” అన్నారు టీచరమ్మ.

“ఇతరులంటే ఇంకెవరు టీచరమ్మా, వేరే గ్రహమోళ్ళా?” అన్నాను.

“నీలాటోళ్ళు లా. నోరు మూసుకుని టైపు సెయ్యి.” మాట చివర ‘లా’ తగిలించడం మా మలేషియా అలవాటు.

కంప్యూటర్లో ఎక్కించింది నేనే.

సీటు రాలేదు. అక్క క్లాసులోనే, ఆమె కంటే తక్కువ గ్రేడులున్న పరమేశ్వరికి వచ్చింది. ఆమెది ఇండియన్ గడి. టీచరమ్మ ఫైలు చంకన పెట్టుకుని, మా ఇద్దరినీ రైలెక్కించి ఆ సీట్లిచ్చే ఆఫీసుకి తీసుకెళ్ళారు. కౌంటరులో అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది: ఇండియన్ల జాబితా వేరు, అందులో ఈ పేరు లేదు, జాతి పొరపాటున పడిందని రాసి అప్పీలు పెట్టుకోండి. కాస్త కసిరినా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది.

లేఖ టీచరమ్మే రాశారు. తెలుగు అని నింపించడం నా పొరపాటు అని మలయ్‌లో ఒకే వాక్యం. సంతకం పెట్టే ముందు కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నారు. జవాబు కూడా ఒకే వాక్యం: సీట్లు నిండిపోయాయి.

అక్క గ్లౌజుల ఫ్యాక్టరీలో చేరింది. ఆ వారమే టీచరమ్మ మా ఇంటికొచ్చి, కుర్చీ వేసినా నిలబడే ఉన్నారు.

“నేనే సెడగొట్టినానమ్మా.”

“మీరు అబద్ధం సెప్పలేదు కదా. కూకోండి, టీ తాగుదురు గాని,” అంది అక్క.

నేను గ్లౌజుల మీద ఏదో జోకు వేశాను. నాకే నవ్వు రాలేదు.

రెండేళ్ళకి నా వంతు వచ్చింది. టీచరమ్మ నా చేతిలోంచి పెన్ను లాక్కుని ఇండియన్ గడిలో టిక్కు పెట్టి, “టైపు సెయ్యి,” అన్నారు. అక్కకంటే తక్కువ గ్రేడులతో నాకు సీటొచ్చింది.

టీచరమ్మ పోయాక ఆదివారాల్లో ఆ దరఖాస్తులు మా ఇంట్లో నేను నింపుతున్నాను. “అన్నా, మనం తెలుగోళ్ళం కదా?” అని ఎవరో ఒక పిల్ల అడుగుతుంది. “ముందు సీటు తెచ్చుకో లా, తెలుగుపిల్లవి తర్వాత అవుదువు గాని,” అంటాను. పిల్లలు నవ్వుతారు. అక్క నవ్వదు. ఒకసారి షిఫ్టుకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

“టిక్కు ఎక్కడైనా పెట్టు. పొరపాటని మాత్రం ఎవరిసేతా రాయించకు.”