ప్రతి మలుపుకీ ఒక కిటికీ

ఎత్తయిన భవనాలు ఆకాశాన్ని ముద్దాడతాయని పత్రికలవాళ్లు రాస్తుంటారు. మెట్లసారు కట్టించినవి ఏనాడూ ఆ పని చేయలేదు. బుద్ధిగా నిలబడ్డాయి, అంతే. భవనానికి అంతకన్నా ఘనకార్యం అక్కర్లేదని ఆయన అభిప్రాయం.

సంస్థ పెట్టింది ఇద్దరు. కాలేజీలో ఒకే బల్ల మీద గీతలు గీసిన స్నేహితులు. రెండో ఆయన ఐదడుగుల మనిషి కాబట్టి ఆఫీసంతటికీ పొట్టిసారు. యాభై అంతస్తుల భవనానికి ముఖం గీసేది ఆయనే. అద్దాలు, ప్రవేశద్వారం, తలుపు పిడితో సహా మనిషి చేతికి తగిలేదంతా ఆయన పని. లోపలి వెన్నెముక, అంటే లిఫ్టులు, గొట్టాలు, మెట్లు, మెట్లసారు వంతు. నలభై ఏళ్ల స్నేహంలో వాళ్లిద్దరూ పోట్లాడుకున్నది మాత్రం మెట్ల దగ్గరే. మెట్లసారు అన్న పేరు కూడా అలాగే అంటుకుంది.

మొదటి భవనం ఇరవై రెండు అంతస్తులు. ప్రారంభం రోజున మెట్లసారు భార్యను తీసుకెళ్లాడు. ఆమె బడిలో లెక్కలు చెప్పేది. బయటి గోడను అంటుకుని పైకి పోయే అద్దాల లిఫ్టు పొట్టిసారు గర్వకారణం. ఆమె దాన్ని ఎగాదిగా చూసి, "నేను మెట్ల మీద వస్తానండీ" అంది. మెట్లు నాలుగు సిమెంటు గోడల మధ్య, బల్బు వెలుతురులో ఉన్నాయి. మూడో అంతస్తు దాకా ఎక్కి, తలుపు తీసి హాల్లోకి తొంగి చూసి, వెంటనే వెనక్కి తిరిగింది. ముఖం పాలిపోయింది.

"మీరు వెళ్లి రండి. నేను కింద కూర్చుంటాను."

గాలీ వెలుతురూ లేని మెట్ల మీద ఊపిరాడలేదు కాబోలు అనుకున్నాడు. అడగలేదు. నాలుగు వందల మంది ఏ తలుపులోంచి ఎన్ని నిమిషాల్లో బయటపడతారో లెక్కగట్టగల మనిషికి, ఒక్క మనిషిని ఒక్క మాట అడగాలని తోచలేదు.

ఆ తర్వాత ఆయన గీసిన ప్రతి భవనంలోనూ మెట్లు బయటి గోడ పక్కకు జరిగాయి. ప్రతి మలుపుకీ నిలువెత్తు కిటికీ వచ్చింది.

"ఒరేయ్, నిప్పంటుకుంటే పరిగెత్తే మెట్లకి కిటికీ ఎందుకురా? మధ్యలో ఆగి ఊరు చూస్తారా?" అన్నాడు పొట్టిసారు.

"చూడనీ."

"అక్కడ నా అద్దాల వరుస తెగిపోతోందిరా."

"తెగనీ."

ఒకసారైతే నెలన్నర మాటల్లేవు. ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని చీటీలు పంపుకున్నారు. మెట్లసారు మెత్తబడలేదు. ఎప్పటికైనా తను కట్టిన మేడ ఒక్కదాన్ని భార్యతో కలిసి ఎక్కాలి. ఆయనకున్న కోరిక అదొక్కటే.

ఆమె రాలేదు. ఒకసారి పరీక్ష పేపర్లు, ఒకసారి దగ్గు, ఒకసారి ఇంటికి చుట్టాలు. ఈయన కొత్త నక్షా తెచ్చి అన్నాల బల్ల మీద పరిచి, "చూడు, ఈ మలుపులో పొద్దుటి ఎండ ఎలా పడుతుందో" అనేవాడు. ఆమె కంచాలు పక్కకు జరిపి, "బాగుందండీ" అనేది. అలా పదకొండు మేడలు లేచాయి.

పన్నెండోది ఆయనకు ఆఖరిది. మోకాళ్లు మొరాయిస్తున్నాయి, ఆ నెలతో పని మానేస్తున్నాడు. "పది అంతస్తులు చాలు. ఈ ఒక్కసారి రా" అన్నాడు. ఆమె లేచి నడక బూట్లు తొడుక్కుంది.

పొట్టిసారు కూడా వచ్చాడు. మొదటి మలుపులో ఆమె రెయిలింగ్ గట్టిగా పట్టుకుని గోడవైపు తిరిగింది. రెండో మలుపులో కళ్లు మూసుకుంది. మూడో అంతస్తులో ఆగిపోయింది.

"ఏవండీ, ఒక మాట చెప్తే బాధపడకూడదు."

"చెప్పు."

"నాకు చీకటి భయం లేదు. కింద నేల కనబడితేనే భయం. ఆ రోజు తలుపు తీయగానే ఎదురుగా గోడంతా అద్దమే. కింద రోడ్డంతా కనబడింది."

"మరి ఈ కిటికీలు?"

"వీటికే ఇన్నాళ్లూ రాలేదు."

మెట్లసారు మెట్టు మీద చతికిలపడ్డాడు. "ముప్పై ఏళ్లుగా ఎందుకు చెప్పలేదు?"

"అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా పరిచి చూపిస్తుంటే ఎలా చెప్పనండీ? నాకోసమేనని తెలుస్తూనే ఉందాయె."

"చెల్లెమ్మా, ఆ ముక్క మొదట్లోనే నా చెవిన వేసుంటే నా జుట్టు సగమైనా మిగిలేది" అన్నాడు పొట్టిసారు.

మెట్లసారు లేచి చెయ్యి చాచాడు. "పద, దిగిపోదాం."

"దిగడానికి రాలేదు నేను. మీరు ఇటు రండి, కిటికీ వైపు నడవండి."

కిటికీకీ ఆమెకీ మధ్య ఆయన నడిచాడు. ఆమె పిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు మెట్లు పైకి లెక్కపెట్టింది. ఏడో అంతస్తులో లెక్క ఆపి, "ఈ రెయిలింగ్ ఎంత బాగుందో. చేతిలో ఇమిడిపోయింది. మీరే గీశారా?" అంది.

ఆయన పొట్టిసారు వైపు చూపించాడు. "కాదు. వాడు."

పొట్టిసారు ఉన్నట్టుండి వంగి, ముడి ఊడని బూటు లేసు మళ్లీ కట్టుకోసాగాడు.

పదో అంతస్తులో ఆమె కిటికీకి వీపు పెట్టి మెట్టు మీద కూర్చుంది. ఎండ ఆమె భుజాల మీద పడింది.

"వెచ్చగా ఉందండీ" అంది. తర్వాత కొంచెంసేపటికి, "మన ఇల్లు కనబడుతోందా?"

ఆయన పక్కనే కూర్చుని బయటికి చూశాడు. "కనబడుతోంది. డాబా మీద నువ్వు ఆరేసిన దుప్పటి కూడా."

"అబద్ధం. నేనివాళ దుప్పటి ఆరేయలేదు."

"డాబా నిజమే."

"సరే, ఇంకా ఏం కనబడుతున్నాయో చెప్పండి" అని ఆమె కళ్లు మూసుకుంది.